తోలు వాషరు

షోలాపురం సాఖర్‌పేట, అశోక్ చౌక్ వైపు మన నేతవాళ్ళ ఇళ్ళలో ఒకప్పుడు మగ్గం చప్పుడుకన్నా ముందు పంపు స్టవ్ చప్పుడు వినిపించేది. ఒక్కోరోజు ఎంత కొట్టినా పంపు గాలి పట్టేది కాదు. లోపలి తోలు వాషరు ఎండిపోయిందన్నమాట. ఇంటి ఇల్లాలు దాన్ని బయటికి లాగి, రెండు చుక్కల నూనె రాసి, వేళ్ళతో పిసికి మెత్తబరిచి మళ్ళీ బిగించేది. టీ పది నిమిషాలు ఆలస్యమయ్యేది, అంతే.

అటువంటి తోలు వాషర్లే దక్షిణ ధ్రువయాత్రలో ఎంత పని చేశాయో ఈనాడు చెప్పుకుందాం.

1911లో ఇద్దరు నాయకులు ధ్రువానికి బయలుదేరారు. నార్వే దేశస్థుడు అమండ్సెన్ డిసెంబరు 14న చేరాడు. ఇంగ్లండుకు చెందిన స్కాట్ 1912 జనవరి 17న చేరాడు. పైన వేసుకునేందుకు ఇద్దరూ గాబర్డీన్ బట్టే తీసుకెళ్ళారు. గాలి చొరబడకుండా బిగువుగా నేసిన బట్ట అది. నేతవాళ్ళం గనుక ఈ మాట చెప్పకుండా ఉండలేను. తేడా వచ్చింది కిరసనాయిలు డబ్బాల దగ్గర.

మంచు ఎడారిలో చుట్టూ ఉన్నది నీరే, కాని తాగడానికి చుక్క ఉండదు. స్టవ్ వెలిగించి మంచు కరిగిస్తేనే నీళ్ళు, వేడి అన్నపానాలు. అందుకని తిరుగుదారిలో పనికొస్తుందని స్కాట్ బృందం దారి పొడుగునా కిరసనాయిలు డబ్బాలు దాచిపెట్టింది. వాటి మూతలకు తోలు వాషర్లు. ఆ చలికి తోలు గట్టిపడి బిగువు తప్పింది. నూనె కొంత కారిపోయింది, కొంత ఆవిరైపోయింది. తిరిగివస్తూ ఒక్కొక్క మజిలీలో డబ్బా తీసి చూస్తే లెక్కకు తక్కువ! స్కాట్ తన దినచర్యలో ఈ కొరతను గురించి రాసుకున్నాడు. ఆఖరి రాత మార్చి 29వ తేదీది. పెద్ద నిల్వ ఇంకా పదకొండు మైళ్ళ దూరంలో ఉండగా గుడారంలోనే ముగ్గురూ కన్నుమూశారు. అంతకుముందే ఇద్దరు దారిలో పోయారు.

తప్పంతా వాషరుదే అనడం న్యాయం కాదు. ఆ మార్చిలో చలి విపరీతం, మనుషులు నీరసించిపోయారు. కాని డబ్బాలు కారతాయన్న సంగతి ధ్రువయాత్రికులకు కొత్తది కాదు. అమండ్సెన్ ఉత్తర ధ్రువ సముద్రాల్లో తిరిగినప్పుడే దాన్ని గమనించాడు. అందుకే దక్షిణానికి వెళ్ళినప్పుడు డబ్బాల మూతలకు మాటు వేయించాడు.

మన దేశం సంగతికొస్తే, మొదటి బృందం 1981 డిసెంబరులో గోవా నుంచి ఓడలో బయలుదేరింది. 1983-84లో మూడో బృందం దక్షిణ గంగోత్రి కేంద్రాన్ని కట్టింది. దాని నాయకుడు హర్ష్ గుప్తా తరువాత హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు సంచాలకులయ్యారు. ఏదైనా మరిచిపోతే కొనుక్కురావడానికి అక్కడ అంగడి లేదు. సముద్రం గడ్డకట్టేలోగా ఓడ వెనక్కి రావాలి. చలికాలమంతా అక్కడే ఉండిపోయేవారికి ఓడలో దించినవే దిక్కు.

అమండ్సెన్ తిరిగివస్తూ ఒక కొండ మీద రాళ్ళు పేర్చి కిరసనాయిలు డబ్బా, అగ్గిపెట్టెలు, ఒక చీటీ వదిలి వెళ్ళాడు. 1929లో అమెరికా బృందం ఒకటి అక్కడికి చేరి రాళ్ళు తీసింది. దాదాపు పద్దెనిమిదేళ్ళ తరువాత కూడా అవన్నీ అక్కడే ఉన్నాయి.