ప్రాజెక్టు ఆధారిత, సమస్యా ఆధారిత అభ్యసనం

విద్యార్థి ఒక ప్రశ్నకు జవాబు వెదుకుతూ, ఆ వెదుకులాటలోనే పాఠ్యాంశాన్ని నేర్చుకునే పద్ధతులు ప్రాజెక్టు ఆధారిత అభ్యసనం, సమస్యా ఆధారిత అభ్యసనం. మామూలు తరగతిలో ముందు పాఠం చెబుతారు, తర్వాత లెక్కలూ ప్రశ్నలూ ఇస్తారు. ఈ పద్ధతుల్లో ప్రశ్న ముందు వస్తుంది. దాన్ని తేల్చడానికి ఏ పాఠం కావాలో విద్యార్థికి తెలిసివచ్చాక ఆ పాఠం వస్తుంది.

రెండింటికీ పోలికలు ఎక్కువే అయినా తేడా ఉంది. ప్రాజెక్టు కొన్ని వారాలు సాగుతుంది, చివరికి నలుగురికీ చూపదగిన ఫలితం ఒకటి తేలుతుంది. అది నమూనా కావచ్చు, నివేదిక కావచ్చు, ప్రదర్శన కావచ్చు, పంచాయతీకి ఇచ్చే ప్రతిపాదన కావచ్చు. సమస్యా ఆధారిత అభ్యసనం రెండు మూడు పీరియడ్లలోనూ ముగియవచ్చు. అక్కడ వస్తువు తయారు కానక్కర్లేదు. కారణాన్ని ఆధారాలతో తేల్చడమే ఫలితం.

చరిత్ర

ప్రాజెక్టులు చేయించి నేర్పడం 16వ శతాబ్దిలో ఇటలీ వాస్తుశిల్ప అకాడమీల్లో మొదలైందని విద్యా చరిత్రకారులు చెబుతారు. పాఠశాల విద్యలో దీనికి తాత్విక పునాది వేసింది అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ. 1896లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆయన నెలకొల్పిన ప్రయోగశాల పాఠశాలలో పిల్లలు వంట, నేత, వడ్రంగం చేస్తూ వాటి ద్వారానే శాస్త్రం, చరిత్ర, గణితం నేర్చుకున్నారు. కొలంబియా విశ్వవిద్యాలయ ఉపాధ్యాయ కళాశాలలో పనిచేసిన విలియం హెర్డ్ కిల్‌పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతిపై వ్యాసం ప్రచురించి దాన్ని ప్రపంచానికి పరిచయం చేశాడు. ఒక ఆలోచనకు రూపం ఇవ్వడం, ఒక అనుభవాన్ని ఆస్వాదించడం, ఒక చిక్కును విప్పడం, ఒక నైపుణ్యాన్ని సాధించడం అని ఆయన ప్రాజెక్టులను నాలుగు రకాలుగా విభజించాడు. సంకల్పం, ప్రణాళిక, అమలు, మంచిచెడ్డల బేరీజు అనే నాలుగు దశలనూ సూచించాడు.

సమస్యా ఆధారిత అభ్యసనం వైద్య విద్యలో పుట్టింది. విద్యార్థులు శరీర నిర్మాణ శాస్త్రం, జీవరసాయన శాస్త్రం కంఠస్థం చేసినా రోగి ఎదుట నిలబడినప్పుడు ఆ చదువును వాడుకోలేకపోతున్నారని అధ్యాపకులు గమనించారు. 1969లో తొలి విద్యార్థులను చేర్చుకున్న కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల, మొదటి నుంచే రోగి సమస్యను ముందుపెట్టి చిన్న బృందాల్లో చదివించింది. ఈ విధానానికి శాస్త్రీయ రూపం ఇచ్చినవారిలో హోవర్డ్ బారోస్ ముఖ్యుడు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ వైద్య విద్యాలయం దీన్ని ఏడు మెట్లుగా క్రమబద్ధం చేసింది. తెలియని మాటలను తేటపరచడం, సమస్యను నిర్వచించడం, ఊహలను బయటపెట్టడం, వాటిని ఒక క్రమంలో పెట్టడం, నేర్చుకోవలసినవేవో తేల్చడం, విడివిడిగా చదవడం, మళ్లీ కూడి అన్నీ కలిపి చూడడం ఆ ఏడు మెట్లు. డెన్మార్క్‌లో 1974లో ఏర్పడిన ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయం సమస్యనూ ప్రాజెక్టునూ కలిపి ఇంజనీరింగ్ విద్యను నిర్మించింది.

భారతదేశంలో

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ నయీ తాలీమ్‌ను ప్రతిపాదించారు. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ దానికి పాఠ్యప్రణాళిక రూపొందించింది. ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతిపని చుట్టూ అల్లుకున్న పాఠాలు అందులో ముఖ్యమైనవి. నూలు వడికే పిల్లవాడు పత్తి పంటనూ దారం లెక్కనూ నేత చరిత్రనూ కలిపి నేర్చుకోవాలన్నది దాని ఆశయం.

1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన విజ్ఞాన శాస్త్ర బోధన కార్యక్రమం పల్లె పిల్లల చేతికి ప్రయోగ సామగ్రినిచ్చి, పరిసరాలనుంచే ప్రశ్నలు వేయించింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని నిలిపివేసినా, తర్వాతి పాఠ్యపుస్తక రచయితలకు ఆ అనుభవం ఎంతో ఉపయోగపడింది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడి చదువును బయటి జీవితంతో ముడిపెట్టాలని కోరింది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల వారికి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల వంటి స్థానిక నిపుణుల దగ్గర నేర్చుకునే అవకాశం కల్పించాలని చెప్పింది.

తెలుగు రాష్ట్రాల్లో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక నిర్మాణాత్మక మూల్యాంకన సాధనాల్లో ప్రాజెక్టు పని ఒకటైంది. పాఠ్యపుస్తకాల్లో పాఠం చివర 'ప్రాజెక్టు పని' అనే శీర్షిక కనిపిస్తుంది. 1993 నుంచి జాతీయ స్థాయిలో జరుగుతున్న బాలల సైన్స్ కాంగ్రెస్ కూడా, పిల్లలు తమ ఊరి సమస్యపై బృందంగా పరిశోధన చేసి నివేదిక సమర్పించడమనే పద్ధతి మీదే నడుస్తుంది.

సమస్యతో పాఠం: గార పళ్ల ఉదాహరణ

ఫ్లోరైడ్ ప్రభావిత ప్రాంతంలోని ఉన్నత పాఠశాలకు తగిన సమస్య ఇది. ఊళ్లో రెండు వీధులకు రెండు బోర్లు ఉన్నాయి. ఒక వీధి పిల్లల పళ్లపై గోధుమరంగు మచ్చలున్నాయి, రెండో వీధి వారికి లేవు. కారణమేమిటి?

ఉపాధ్యాయుడు జవాబు చెప్పడు. నల్లబల్లపై మూడు గడులు గీసి 'తెలిసినవి', 'తెలుసుకోవలసినవి', 'ఎక్కడ తెలుస్తుంది' అని రాస్తాడు. పళ్లు సరిగ్గా తోముకోకపోవడం, తిండి, నీళ్లు వంటి ఊహలన్నీ బల్లమీదికి వస్తాయి. ఆ తర్వాత ఒక్కొక్క ఊహనూ ఆధారంతో పరీక్షించాలి. రెండు బోర్ల నీటినీ పరీక్షా కిట్‌తో చూసి, లీటరుకు 1.5 మి.గ్రా. ఫ్లోరైడ్ అనే పరిమితితో పోల్చాలి. పెద్దయ్యాక ఆ ఊరికి కాపురం వచ్చినవారి పళ్లకు మచ్చలు ఎందుకు లేవో ఆలోచించాలి. పన్ను ఏర్పడే వయసులో తాగిన నీరే పంటిపై మచ్చ వేస్తుందన్న జీవశాస్త్ర విషయం అక్కడ పనికివస్తుంది. నీళ్లు కాచి తాగితే సరిపోతుందని ఎవరో ఒకరు తప్పక అంటారు. కాచినప్పుడు నీరు ఆవిరై పోతుంది గానీ ఫ్లోరైడ్ అందులోనే మిగిలి గాఢత పెరుగుతుందని తెలిశాక, ద్రావణాల పాఠం వాళ్లకు అవసరమైన పాఠమవుతుంది.

ఈ సమస్యకు తెలుగునేలపై చరిత్రా ఉంది. భారతదేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు తొలిసారి నమోదు చేసింది 1937లో, నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం వాడి ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. దాన్ని 'నల్గొండ విధానం' అంటారు. తరగతిలోనే గార పళ్లున్న పిల్లలు ఉండవచ్చు కాబట్టి ఏ విద్యార్థినీ లేపి నమూనాగా చూపకుండా సమస్యను నడపడం ఉపాధ్యాయుడి బాధ్యత.

ప్రాజెక్టుతో పాఠం: బడి కప్పు మీది వాన

'మన బడి కప్పు మీద పడే వాన మనకు ఏడాదంతా తాగునీటికి సరిపోతుందా?' అన్నది ఎనిమిదో తరగతికి తగిన ప్రాజెక్టు ప్రశ్న. పిల్లలు టేపుతో కప్పు కొలుస్తారు. 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటే విస్తీర్ణం 200 చదరపు మీటర్లు. అంత కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 200 లీటర్లు. ఏడాది వర్షపాతం 800 మి.మీ. అనుకుంటే 1,60,000 లీటర్లు వస్తాయి. ఇంకిపోయేదీ చిమ్మిపోయేదీ ఐదో వంతు తీసేస్తే మిగిలేది 1,28,000 లీటర్లు. 150 మంది పిల్లలు రోజుకు రెండేసి లీటర్ల చొప్పున 220 పనిదినాలు తాగితే కావలసింది 66,000 లీటర్లు.

లెక్క ప్రకారం నీరు మిగులుతుంది. అసలు ప్రశ్న అక్కడినుంచే మొదలవుతుంది. వాన ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. 10,000 లీటర్ల ట్యాంకు ఆ బడికి 33 రోజులకే సరిపోతుంది. మరి ఎంత ట్యాంకు కట్టాలి, ఖర్చెంత, తొలి వాన నీటిని ఎలా మళ్లించాలి, నిల్వ నీటిలో దోమలు చేరకుండా ఏం చేయాలి? క్షేత్రగణితం, వాతావరణం, ఆరోగ్యం, అంచనా వ్యయం అన్నీ ఒక్కచోట కలుస్తాయి. చివరికి తేలిన ప్రతిపాదనను పాఠశాల యాజమాన్య కమిటీ ముందు వినిపించాలి. పెద్దలు వేసే ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి రావడంతో పిల్లలు తమ లెక్కను మళ్లీ మళ్లీ సరిచూసుకుంటారు.

నిర్వహణ, మూల్యాంకనం

బృందానికి నలుగురైదుగురు మించకూడదు. కొలిచేవారు, రాసేవారు, సరిచూసేవారు అని పనులు పంచి, వారం వారం మార్చాలి. లేకపోతే ఒకరు చేస్తారు, మిగతావారు పేర్లు రాయించుకుంటారు. ప్రతి బృందం రోజువారీ నోటుపుస్తకం ఉంచాలి. మధ్యలో ఎక్కడ చిక్కుకున్నారో ఉపాధ్యాయుడికి అందులోనే తెలుస్తుంది. అవసరమైనచోట పదిహేను నిమిషాలు నేరుగా పాఠం చెప్పడం ఈ పద్ధతిలో భాగమే.

మార్కులు ఏ అంశాలకు ఎన్నో ముందే చెప్పాలి. బృందానికి కొన్ని, వ్యక్తికి కొన్ని కేటాయించి, ప్రతి విద్యార్థినీ విడిగా ఒకటి రెండు మౌఖిక ప్రశ్నలు అడగాలి. దుకాణంలో కొన్న చార్టులు, నెట్‌లో ప్రింటు తీసిన పేజీలు, తల్లిదండ్రులు చేసిపెట్టిన నమూనాలు ఈ ప్రశ్నల దగ్గర బయటపడతాయి. పని ఎక్కువగా బడి వేళల్లోనే జరిగితే, ఇంట్లో డబ్బూ సాయమూ లేని పిల్లలు వెనకబడరు.

పరిశోధనలు, విమర్శలు

ఇంగ్లండ్‌లో రెండు పాఠశాలల గణిత తరగతులను మూడేళ్లపాటు పరిశీలించిన పరిశోధకురాలు జో బోలర్, ప్రాజెక్టుల ద్వారా నేర్చుకున్న పిల్లలు కొత్తరకం లెక్కలను మెరుగ్గా ఎదుర్కొన్నారని 1997లో వెల్లడించింది. సమస్యా ఆధారిత విద్యపై 43 అధ్యయనాలను క్రోడీకరించిన 2003 నాటి విశ్లేషణలో, ఆ విద్యార్థులు జ్ఞానాన్ని వాడుకోవడంలో ముందున్నారని, నేర్చుకున్న విషయాల సంఖ్య కొంచెం తగ్గినా నేర్చుకున్నది ఎక్కువకాలం గుర్తుంచుకున్నారని తేలింది.

విమర్శ కూడా బలమైనదే. 2006లో పరిశోధకులు కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ రాసిన వ్యాసం, పునాది లేని విద్యార్థిని తగిన మార్గదర్శనం లేకుండా వదిలేస్తే అతని జ్ఞాపకశక్తిపై మోయలేని భారం పడుతుందని, కొత్తగా నేర్చుకునేవారికి చేసిచూపిన ఉదాహరణలే మేలని వాదించింది. చక్కగా నడిపే సమస్యా ఆధారిత తరగతిలో మార్గదర్శనం పుష్కలంగా ఉంటుందని మరుసటి ఏడాది మరో పరిశోధక బృందం బదులిచ్చింది. ఈ వాదంలో రెండు పక్షాలూ అంగీకరించే సంగతి ఒకటుంది. ప్రశ్న ఇచ్చి పిల్లలను వాళ్ల మానాన వదిలేస్తే చదువు రాదు.

అరవై మంది కిక్కిరిసిన గది, గడువులోగా ముగించాల్సిన సిలబస్, జ్ఞాపకశక్తిని కొలిచే వార్షిక పరీక్ష ఈ పద్ధతులకు పెద్ద అడ్డంకులు. అందుకే ప్రతి పాఠాన్నీ ప్రాజెక్టుగా మార్చడం కంటే, టర్ముకు ఒక్క మంచి ప్రశ్నను ఎంచుకుని లోతుగా నడపడం మేలు. పని ముగిశాక బృందంలోని ప్రతి విద్యార్థీ కారణాన్ని తన మాటల్లో చెప్పగలిగితేనే ఆ ప్రాజెక్టు నెరవేరినట్టు.