టమాటా రకములు: మేడ్చల్ తోటల దాక వచ్చిన దారి

వానలు వెనుకబట్టి, రాత్రులు చల్లబడు ఆశ్వయుజ మాసమున మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతపు ఎర్ర చలక నేలలలో కూరగాయలు పండించు రైతు ఒక ప్రశ్నకు జవాబు తేల్చుకొనవలెను. రాబోవు యాసంగికి ఏ టమాటా నాటవలెను? నారు పోసిన 25, 30 దినములకు మొక్కలు పొలము చేరును. ఆ తరువాత విత్తనము మార్చుటకు వీలులేదు. మొక్కలకు ఆకుముడత తగిలినను, బోయినపల్లి మార్కెట్టు చేరులోపల పండ్లు చితికినను నష్టపోవునది రైతే. కాబట్టి విత్తనపు పొట్లము మీది పేరు చిన్న విషయము కాదు. ఆ పేరు వెనుక గల చరిత్రను కొంత తెలిసికొందము.

టమాటా మన దేశపు మొక్క కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతము. అక్కడి అడవి టమాటా పండ్లు చాల రకములలో రేగుపండు కంటె పెద్దవి కావు. దానిని సాగులోనికి తెచ్చి పెద్ద పండుగా చేసిన ఘనత మెక్సికో ప్రాంతపు ప్రజలది. వారి నహువాటిల్ భాషలోని ‘తొమాట్ల్’ అను మాటయే నేటి టమాటా. 16వ శతాబ్దమున స్పెయిన్ దేశస్థులు దానిని ఐరోపాకు కొనిపోయిరి. 1544లో ఇటలీ వైద్యుడు మట్టియోలి తన గ్రంథములో దీనిని పేర్కొనెను. పిమ్మట పాశ్చాత్యుల వలన మన దేశమునకు వచ్చినది. కోస్తా జిల్లాలలో కొన్ని చోట్ల దీనిని రామములగ అని పిలుచుట కలదు.

ఈ ప్రయాణములో ఒక చిక్కు దాగియున్నది. సముద్రములు దాటి వచ్చినవి కొన్ని పిడికెళ్ల విత్తనములు మాత్రమే. పైగా టమాటా తన పుప్పొడితో తానే ఫలించు మొక్క. పువ్వులో కేసరములు కీలము చుట్టు గొట్టము వలె అమరియుండును. అందుచే సాగులోని టమాటాలు పైకి ఎన్ని రూపములతో కనబడినను, లోపల వాటి జన్యువులలో వైవిధ్యము బహు కొద్ది. ఆండీస్ కొండలలో మిగిలిన అడవి జాతులలో అది పుష్కలముగా నున్నది. ఈ సంగతి తరువాతి కథకు మూలము.

మన దేశమున టమాటా రకములను శాస్త్రీయముగా మెరుగుపరచిన సంస్థలలో భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ముఖ్యమైనది. అది 1905లో బీహారులోని పూసా గ్రామమున నెలకొని, 1934 భూకంపము తరువాత 1936లో ఢిల్లీకి తరలినది. ఊరి పేరు మాత్రము వెంట వచ్చినది. అమెరికా రకమైన సియోక్స్‌ను, మన ఇంప్రూవ్డ్ మీరుతి రకముతో సంకరపరచగా పుట్టినదే పూసా రూబీ. తమిళనాడులోని పెరియకుళమున అన్నంజి అను స్థానిక రకమునందు కృత్రిమముగా మార్పు కలిగించి పి.కె.ఎం.-1ను సృష్టించిరి. 1967లో స్థాపితమైన బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ అర్క వికాస్ వంటి రకములను అందించినది.

మొక్క ఆకారములో వచ్చిన మార్పు కూడ గమనింపదగినది. పూర్వపు టమాటా తీగవలె పెరుగుచునే యుండెడిది. 1914లో అమెరికాలోని ఫ్లారిడాలో కొంత పెరిగి ఆగిపోవు పొట్టి మొక్క యొకటి కనబడినది. ఇందుకు ఒకే జన్యువులోని మార్పు కారణము. కర్రలు పాతి కట్టనక్కరలేని గుబురు రకములు అనేకము ఆ జన్యువు వలన వచ్చినవే.

ఇక వాతావరణము సంగతి. రాత్రి చల్లదనమునకు, టమాటా కాపునకు గల సంబంధమును 1944లో వెంట్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. రాత్రి ఉష్ణోగ్రత 15 నుండి 20 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య నున్నచో కాయ బాగుగా నిలుచును. హైదరాబాదు చుట్టుపట్ల చలికాలపు రాత్రులు ఇందుకు అనుకూలములు. మే నెలలో రాత్రులును వేడెక్కి పూత రాలిపోవును. యాసంగికి మంచిదైన రకము వేసవికి మంచిది కాకపోవుటకు ఇది ఒక కారణము.

వేడిమి కంటె పెద్ద శత్రువు ఆకుముడత. తెల్లదోమ మోసుకొనివచ్చు వైరసు వలన ఆకులు ముడుచుకొని, మొక్క గిడసబారి, కాపు నిలిచిపోవును. మన దేశమున ఈ తెగులును 1948లో వాసుదేవ, సామ్‌రాజ్ అను శాస్త్రజ్ఞులు వర్ణించిరి. సాగు రకములలో దీనికి తట్టుకొను గుణము దొరకలేదు. అప్పుడు అడవి జాతుల వైపు చూడవలసి వచ్చినది. హర్యానాలోని హిస్సారులో కల్లూ మొదలగువారు ఆకుపచ్చని నూగుకాయలు కాయు ఒక అడవి జాతిని సాగు టమాటాతో సంకరపరచి, ఆ సంతానమును మరల మరల సాగు టమాటాతోనే కలిపి, తినదగిన పండును, తెగులును తట్టుకొను గుణమును ఒకే మొక్కలో నిలిపిరి. అదియే హెచ్-24. ఆ గుణము 11వ క్రోమోజోము మీది ఒక జన్యువులో నున్నదని తరువాత తేలినది. దానికి టి.వై.-2 అని పేరు. ఈ జన్యువు అన్ని చోట్ల వైరసులను ఒకే తీరున ఆపలేదు. వైరసులు పెక్కు విధములు, అవి మారుచుండును కూడ. కనుకనే శాస్త్రజ్ఞుల వెదకులాట ముగియలేదు. 2012లో టమాటా జన్యుపటము పూర్తిగా వెలువడినది. అందులో సుమారు 35,000 జన్యువులు కలవు. హైదరాబాదు విశ్వవిద్యాలయమందును టమాటా జన్యువులపై పరిశోధన జరుగుచున్నది.

సంకర విత్తనము మాటేమి? 1973లో బెంగుళూరులోని ఒక విత్తన సంస్థ ‘కర్ణాటక’ అను సంకర టమాటాను విడుదల చేసినది. ఇట్టి విత్తనమునకు ప్రతి మొగ్గ నుండియు కేసరములను చేతితో తీసివేసి, మరునాడు వేరొక రకపు పుప్పొడిని అంటించవలెను. అందుకే దాని ధర యెక్కువ. తొలి సంతానము ఏకరీతిగా, బలముగా నుండును. కాని దాని పండ్ల నుండి విత్తనము తీసి నాటినచో మెండెల్ చెప్పినట్లు గుణములు విడిపోయి మొక్కలు తలకొక తీరుగా నుండును. పి.కె.ఎం.-1 వంటి సూటి రకములకు ఈ బాధ లేదు. రైతు తన విత్తనము తానే దాచుకొనవచ్చును. ఒకవైపు తెగులును తట్టుకొను బలము, మరొకవైపు విత్తనముపై స్వాతంత్ర్యము: రైతు ప్రతి యేట తూచవలసినది ఈ రెండింటిని. క్రొత్త రకమును మొదట రెండు మూడు సాళ్లలో నాటి చూచుట, కొన్న రసీదును భద్రపరచుట వివేకము.

పాఠశాల తోటలో దీనిని పరీక్షించుట సులభము. ఒక సంకర పండు, ఒక సూటి రకపు పండు తీసికొని, వాటి గింజలను గుజ్జుతో వేర్వేరుగా రెండు దినములు పులియబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టుడు. రెండు మడులలో నాటి, మొక్కల యెత్తును, కాయల ఆకారమును వ్రాసిపెట్టుడు.

మేడ్చల్ చుట్టుపట్ల ఎన్నో చలకలు ఇండ్ల స్థలములుగా మారినవి. ఒకనాటి ద్రాక్షతోటలు అనేకము కనుమరుగైనవి. అదే షామీర్‌పేట ప్రక్కన 1999లో జీనోమ్ వ్యాలీ వెలసినది. ప్రయోగశాల ఎంత పెరిగినను, దానికి కావలసిన ముడి సరకు కొండలలోని అడవి మొక్కలలోను, రైతు దాచిన నాటు విత్తనములలోను ఉన్నది. అవి నశించిన నాడు రేపటి తెగులునకు జవాబు ఎక్కడ వెదకుదుము?