ఇసిదోరు మహాసంకలనము: పుట్టుపూర్వోత్తరములు

క్రీ. శ. 5వ శతాబ్దమున పశ్చిమ రోమక సామ్రాజ్యము కూలినప్పుడు దాని విద్య యంతయు ఒక్కనాట నశింపలేదు. చదువరులు పలుచబడి, ప్రతులు వ్రాయించు పోషకులు కరవై, ప్రాచీన గ్రంథములు ఒకదానివెంట నొకటి మరుగుపడసాగెను. అట్టి కాలమున, విసిగోతు రాజుల యేలుబడిలోనున్న స్పెయిను దేశమున, సెవిల్ నగరపు బిషప్పుగా నుండి, ప్రాచీనుల విద్యలో తనకు చేజిక్కినదంతయు నొక్క గ్రంథమున నిమిడ్చినవాడు ఇసిదోరు.

ఇతడు ఇంచుమించు 560లో జన్మించెను. పెంచి చదివించినవాడు అన్న లియాండరు. విసిగోతు రాజగు రెకరెదు ఏరియను మతమను క్రైస్తవశాఖను విడిచి కాథలిక మతమును స్వీకరించుటలోను, 589 నాటి తొలెదో మహాసభలోను ప్రధానపాత్ర ఆ లియాండరుదే. 600 ప్రాంతమున అతని యనంతరము తమ్ముడు పీఠమెక్కి, 636లో కన్నుమూయువరకు దాని నధిష్ఠించెను.

గ్రంథము పేరు 'ఎటిమోలజియె'. వ్యాకరణముతో నారంభమై, గణితము, వైద్యము, ధర్మశాస్త్రము, మృగపక్షులు, రత్నములు, నౌకలు మొదలగువాని మీదుగా సాగి, 20వ భాగమున వంటపాత్రలతోను, సేద్యపు పనిముట్లతోను ముగియును. పేరు పుట్టిన తెఱగు తెలిసినచో వస్తుతత్త్వమును తెలియవచ్చునని ఇతని విశ్వాసము. లాటినున చీమకు 'ఫార్మికా' యను పేరు గింజల తునకలను మోయుటవలన కలిగెనట! నేటి భాషాశాస్త్రజ్ఞులు దీనికి నవ్వుదురు గాని, వేదశబ్దములకు ఇట్లే వ్యుత్పత్తులు చెప్పిన యాస్కుని నిరుక్తము చదివినవారికి అంత నవ్వు రాదు.

6వ భాగమున లేఖకుని పనిముట్లను చెప్పుచు, రెల్లుకలము వృక్షజాతినుండియు, ఈక పక్షినుండియు వచ్చుననియు, ఈకకు కాడ యొక్కటియే యైనను మొన రెండుగా చీలియుండుట పాత, క్రొత్త నిబంధనలకు సంకేతమనియు వ్రాసెను. ఈకకలమును గూర్చి మనకు దొరకు తొలి ప్రస్తావనలలో నిది యొకటి. ఏ యీకతో వ్రాయుచుండెనో దానినే తేఱిపాఱ చూచి వ్రాసినట్లుండును.

ఈ రచన వెలువడుటకు సరగొస్సా బిషప్పగు బ్రౌలియో పోరే కారణమనవలెను. తాను అడుగ నారంభించి ఏడేండ్లు గడచినవని అతడు లేఖలో నిష్ఠురములాడగా, వ్యాధిగ్రస్తుడైన ఇసిదోరు, దిద్దని ప్రతినే పంపి, సవరణభారమును మిత్రునిపై నుంచెను. బ్రౌలియో దానిని భాగములుగా విభజించెను.

ఒక వింత కలదు. తన మఠనియమావళిలో సన్న్యాసులు అన్యమతస్థుల గ్రంథములు చదువరాదని శాసించిన ఈ మహనీయుడే, ఆ అన్యమతస్థులగు రోమకుల విద్యను తన పుటలలో నింపెను. ఇతనిని కొనియాడువారు మఱవరాని దింకొకటి: 633లో ఇతడు అధ్యక్షత వహించిన తొలెదో సభ, యూదులను బలాత్కారముగా మతము మార్చుట తగదనుచునే, అంతకుముందు అట్లు మార్పబడినవారు వెనుకకు మరలరాదని కట్టడిచేసెను.

మధ్యయుగమంతటను ఈ గ్రంథమునకు ప్రతులు వ్రాయబడుచునే యుండెను. నేటికిని ఇంచుమించు వేయి నిలిచియున్నవి. సారము సులభముగా దొరకుటచే మూలగ్రంథముల నాదరించువారు తగ్గిరని కొందఱి యాక్షేపణ. అది కొంత నిజమే కావచ్చును. కాని ప్రతులు వ్రాయువాడే అరుదైన కాలమున, మూలములన్నియు నిలుచునని యెదురుచూచుటకంటె, చిక్కినంత కూర్చుటయే వివేకము. 1472లో ఔగ్స్‌బర్గున ఇది తొలిసారి ముద్రితమయ్యెను. అందలి చిన్న ప్రపంచపటము ఐరోపాలో అచ్చుపడిన మొదటి పటముగా పరిగణింపబడుచున్నది.