తుండు చీటీ నుండి వీసా వరకు: విదేశీ ఉద్యోగాల పేరిట జరిగే మోసాలు

విదేశంలో ఉద్యోగమనే మాట నేడు కోయంబత్తూరు, మదురై ప్రాంతాల పాత తెలుగు ఊళ్ళలోనూ వినవస్తున్నది. లేతు పని, వెల్డింగు, మిల్లు పని నేర్చిన యువకులు గల్ఫు దేశాలకు, మలేషియాకు, సింగపూరుకు వెళ్ళగోరుతున్నారు. వారి ఆశను ఆసరాగా చేసుకొని మోసగించే యజమానులు, దళారులు ఏ విధంగా పనిచేస్తారో ప్రతి కుటుంబమూ తెలుసుకోవడం అవసరం.

కంగాణి కాలం

ఈ మోసానికి మన సీమలో పూర్వచరిత్ర ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో మదురై, తిరుచిరాపల్లి సీమల నుండి కూలీలను సింహళంలోని కాఫీ, తేయాకు తోటలకు తీసుకొనిపోయినవాడు కంగాణి. అతడు తరచుగా ఆ ఊరివాడే, ఆ కులంవాడే. దారి ఖర్చులకని అతడు ముందుగా ఇచ్చిన సొమ్ము, కూలీ తోటలో అడుగుపెట్టేనాటికే అప్పుగా మారేది. ఆ అప్పు తీరిస్తే కూలీని విడుదల చేస్తానని తోట యజమాని వ్రాసి ఇచ్చే చీటీని ‘తుండు’ అనేవారు. అది లేనిదే మరొక తోటలో పని దొరికేది కాదు. 1921లో ఈ పద్ధతి చట్టరీత్యా రద్దయింది. కాని మనిషిని ముందు అప్పులో దించి, తరువాత ఒకే యజమానికి కట్టివేసే ఉపాయం మాత్రం నేటికీ నిలిచి ఉన్నది.

వీసా ఎందుకు సంకెల అవుతుంది

అనేక దేశాలలో పని వీసా ఒక యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. అతని పని వదిలితే ఆ దేశంలో నివసించే హక్కే పోవచ్చును. ఇంటి వద్ద వడ్డీ పెరుగుతుండగా తిరిగి రావడమూ సాధ్యం కాదు. ఈ రెండింటి మధ్య చిక్కుకున్నవాడు ఎంత తక్కువ జీతానికైనా తల వంచుతాడు. మోసగాడైన యజమాని కోరేది ఇదే.

అమెరికాలో జరిగిన సిగ్నల్ ఇంటర్నేషనల్ వ్యవహారం ఇందుకు నిదర్శనం. 2005 నాటి కత్రినా తుపాను తరువాత ఆ ఓడల కంపెనీ భారతదేశం నుండి సుమారు 500 మంది వెల్డర్లను, పైపు ఫిట్టర్లను హెచ్-2బి అనే తాత్కాలిక వీసాపై రప్పించింది. శాశ్వత నివాసపు గ్రీన్ కార్డు లభిస్తుందని నమ్మి ఒక్కొక్కరు 10,000 నుండి 20,000 డాలర్ల వరకు దళారులకు చెల్లించారు. అక్కడ ఒక్కొక్క ట్రైలరు గదిలో 24 మంది వరకు ఉంచి, అందుకు నెలకు 1,050 డాలర్లు జీతంలో కోసుకున్నారు. గ్రీన్ కార్డులు రాలేదు. 2008 మార్చిలో సుమారు వందమంది పని వదిలి బయటికి వచ్చి న్యాయపోరాటం సాగించారు. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లియన్స్ న్యాయస్థానంలో జ్యూరీ ఐదుగురు కార్మికులకు 1.4 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయించింది. న్యాయం లభించింది గాని అందుకు ఏడేళ్ళు పట్టింది.

తరచు కనబడే పద్ధతులు

1. విజిట్ వీసాపై పంపి, అక్కడికి పోయాక పని వీసాగా మారుస్తామని చెప్పడం. అది మారకపోతే పని చేయడమే నేరమవుతుంది.

2. గల్ఫు దేశాలలో ‘ఆజాద్ వీసా’ అమ్మడం. వీసా ఇచ్చినవాని వద్ద పని ఉండదు. వేరొకచోట పనిచేస్తే చట్టవిరుద్ధం.

3. ఇక్కడ ఒక ఒప్పందం చూపి, అక్కడ తక్కువ జీతంతో మరొక ఒప్పందంపై సంతకం చేయించడం, పాస్‌పోర్టు తీసుకొని దాచడం.

4. థాయిలాండులో కంప్యూటరు ఉద్యోగమని పిలిచి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబరు మోసాల శిబిరాలలో బంధించడం. 2025 మార్చిలో అటువంటి శిబిరాల నుండి విడుదలైన 549 మంది భారతీయులను ప్రభుత్వం వైమానిక దళ విమానాలలో తీసుకొనివచ్చింది.

బయలుదేరక మునుపే చూడవలసినవి

1983 వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషను లేనివాడు విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చడం నేరం. ఊరిలోని ఉప ఏజెంటు బంధువైనా సరే, అతని మాటపై సొమ్ము ఇవ్వరాదు. రిజిస్టరైన ఏజెంటు పేరు, సంఖ్య కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చును. ఏజెంటు తీసుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే, రసీదు తప్పనిసరి. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశాలు, మలేషియా వంటి నిర్ణీత దేశాలకు పనికి వెళ్ళాలంటే సాధారణంగా వలస అనుమతి పొందాలి. ఆ అనుమతి అక్కరలేదని విజిట్ వీసా చేతికిచ్చేవానిని నమ్మరాదు. తమిళనాడు ప్రభుత్వపు ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్ 1978 నుండి ఈ రంగంలో ఉన్నది, అక్కడా విచారించవచ్చును.

వీసా, ఒప్పందం, పాస్‌పోర్టు, రసీదుల నకళ్ళు ఇంటి వద్ద ఉంచుకోవాలి. వీసాపై వ్రాసిన యజమాని పేరు, ఒప్పందంలోని పేరు ఒకటేనా అని చదువుకున్న బిడ్డచేత చదివించి చూడాలి. నాడు కంగాణి వెంట వెళ్ళిన కూలీకి చీటీలో ఏమున్నదో చదివి చెప్పేవారు అరుదు. నేడు మన ఇళ్ళలో చదివేవారు ఉన్నారు. నగ కుదువపెట్టక మునుపే, పొలం తాకట్టు పెట్టక మునుపే ఆ కాగితాలు వారి చేతికి ఇవ్వండి.