హషీష్: రూపాలు, పేర్లు, ధర్మవేత్తల వాదాలు

దివ్య ఖుర్ఆన్ ‘ఖమ్ర్’ను నిషేధించింది. హషీష్ పేరు మాత్రం ఖుర్ఆన్‌లోగాని, దైవప్రవక్త (స) ప్రవచనాలలోగాని మనకు కనిపించదు. నలుగురు ఇమాములు కూడా దీనిపై ప్రత్యేకంగా తీర్పు చెప్పలేదు. వారి కాలంలో ముస్లిం సమాజానికి ఇదొక సమస్య కాలేదని తరువాతి పండితులు వివరించారు. మరి పేరులేని వస్తువుపై షరీఅత్ తీర్పు ఏమిటి? క్రీ.శ. 13, 14 శతాబ్దాల ధర్మవేత్తలు ఎదుర్కొన్న ఈ ప్రశ్న కొత్త కొత్త రూపాలలో నేడు మళ్ళీ మన ముందుకు వస్తున్నది. కనుక ఆ చరిత్రను ఒకసారి పరిశీలించడం అవసరం.

ముందుగా వస్తువును గురించి తెలుసుకోవాలి. మొక్క ఒక్కటే, సరుకులు అనేకం. మన దేశంలో పూర్వం నుండి వీటిని మూడుగా విభజిస్తారు. ఎండిన ఆకు భంగు. ఆడమొక్క పూలగుత్తులు గంజాయి. పూల మీద పేరుకునే జిగురును వేరు చేసి ముద్దగా చేస్తే అది చరస్. నేడు అరబ్బు దేశాలలోను, ఐరోపాలోను హషీష్ అంటున్నది సాధారణంగా ఈ జిగురునే. మత్తునిచ్చే పదార్థం ప్రధానంగా పూల మీది సన్నని నూగులోని జిగురులో ఉంటుంది. అందువల్లనే ఆకుకంటే పూవు, పూవుకంటే జిగురు తీవ్రమైనవి. ఆ పదార్థాన్ని శాస్త్రజ్ఞులు విడదీసి, దాని నిర్మాణాన్ని నిర్ధారించినది 1964లో మాత్రమే. అది నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. భంగును పాలతోను, మాజూన్‌ను నేతితోను తయారుచేసే అలవాటుకు ఈ గుణం తోడ్పడింది.

అయితే మధ్యయుగపు అరబ్బీ గ్రంథాలలో ‘హషీషా’ అన్నది చాలా చోట్ల జిగురు కాదు. ఆ మాటకు అసలు అర్థం గడ్డి లేక మూలిక అని మాత్రమే. స్పెయిన్‌లోని మాలఖాలో పుట్టి హి.శ. 646 (క్రీ.శ. 1248)లో డమాస్కస్‌లో మరణించిన వృక్షశాస్త్రవేత్త ఇబ్నుల్ బైతార్, ఈజిప్టు తోటలలో పెంచే ‘భారతీయ జనపనార’ను వర్ణించారు. ఫకీర్లు దాని ఆకులను ఉడికించి, పిసికి, ఉండలు చేసుకొని తినేవారని, మరికొందరు ఎండబెట్టి వేయించి, నువ్వులు, చక్కెర కలిపి నమిలేవారని తెలిపారు. అనగా ఆనాటి హషీషా ప్రధానంగా తినే వస్తువు. పొగాకు వచ్చిన తరువాతనే పొగత్రాగే పద్ధతి విస్తరించింది. కొంతకాలానికి కైరోలో ‘ఉఖ్దా’ అనే తేనెపాకం రహస్యంగా అమ్ముడుపోయేదని చరిత్రకారుడు మఖ్రీజీ వ్రాశారు. అంటే రూపం మార్చి, పేరు మార్చి అమ్మే వ్యాపారం నాటిదే!

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. అలమూత్ కోటలోని నిజారీ ఇస్మాయీలీలు తమ అనుచరులకు మత్తుమందు ఇచ్చి హత్యలకు పంపేవారన్న కథను మార్కోపోలో గ్రంథం ప్రచారం చేసింది. ఆంగ్లంలో హంతకుడికి వాడే ‘అసాసిన్’ మాటకు మూలం హషీషే అని 1809లో ఫ్రెంచి పండితుడు సిల్వెస్టర్ ద సాసీ ప్రతిపాదించారు. కాని వారు ఈ మందును వాడినట్లు సమకాలీన ముస్లిం చరిత్ర గ్రంథాలు చెప్పడం లేదు. ‘హషీషియ్యా’ అన్నది ప్రత్యర్థులు వాడిన తిట్టు మాత్రమేనని ఫర్హాద్ దఫ్తరీ 1994లో వెలువడిన తమ గ్రంథంలో సవివరంగా చూపారు. ఒక వర్గంతో మనకు ఎన్ని విభేదాలున్నా, వారిపై కట్టుకథను నమ్మడం న్యాయం కాదు.

ఇక ధర్మవేత్తల వాదానికి వద్దాం. మాలికీ పండితుడు ఇమామ్ ఖరాఫీ (మరణం హి.శ. 684/క్రీ.శ. 1285) బుద్ధిపై ప్రభావం చూపే వస్తువులను మూడుగా విభజించారు. ఉల్లాసంతోపాటు మత్తెక్కించేవి ‘ముస్కిర్’, నిద్రపుచ్చేవి ‘ముర్ఖిద్’, బుద్ధిని చెడగొట్టేవి ‘ముఫ్సిద్’. మద్యపాయి రెచ్చిపోతాడు, కలహిస్తాడు. హషీష్ తిన్నవాడు మందకొడిగా పడి ఉంటాడు. కనుక ఇది ముఫ్సిద్ అని ఆయన తేల్చారు. ఈ భేదం మాటల గారడీ కాదు. దానిని బట్టి మూడు తీర్పులు మారతాయి: మద్యపానానికి విధించే నిర్ణీత శిక్ష (హద్) దీనికి వర్తించదు, న్యాయాధికారి విచక్షణపై ఆధారపడిన శిక్ష (తాజీర్) ఉంటుంది, వస్తువు అశుద్ధం కాదు, బుద్ధిని చెడగొట్టనంత స్వల్ప పరిమాణం నిషిద్ధం కాదు.

డమాస్కస్‌లో ఇబ్నె తైమియ్యా (మరణం 1328) దీనిని గట్టిగా వ్యతిరేకించారు. హషీష్ తినేవారు కోరేది మద్యపాయి కోరే ఉల్లాసాన్నే కనుక అది మత్తుపదార్థమే, హద్ తప్పదని ఆయన వాదన. ముస్లిం సమాజంలో ఇది తాతారుల విజృంభణ కాలంలోనే వ్యాపించిందని కూడా ఆయన పేర్కొన్నారు. షాఫయీ పండితుడు బద్రుద్దీన్ జర్కషీ (మరణం హి.శ. 794/క్రీ.శ. 1392) ఈ ఒక్క విషయంపైనే ‘జహ్రుల్ అరీష్ ఫీ తహ్రీమిల్ హషీష్’ అనే గ్రంథం రచించారు. ఖరాఫీ వాదాన్ని ప్రస్తావించి, హషీష్ మత్తు కలిగించేదేనని నిరూపించడానికి ప్రయత్నించారు. మత్తు కలిగించే ప్రతిదీ ఖమ్రే అన్న హదీసు, మత్తుతోపాటు మాంద్యం కలిగించే వాటిని (ముఫ్తిర్) కూడా దైవప్రవక్త (స) నిషేధించారని హజ్రత్ ఉమ్మె సలమా (ర) ద్వారా వచ్చిన హదీసు ఈ చర్చకు ఆధారాలు.

గమనించదగ్గ విషయమేమంటే, శిక్ష గురించి, అశుద్ధత గురించి పండితులు విభేదించారే గాని, బుద్ధిని పోగొట్టుకోవడానికి దానిని తినడం ధర్మసమ్మతమని ఖరాఫీ సైతం అనలేదు. బుద్ధి పరిరక్షణ షరీఅత్ లక్ష్యాలలో ఒకటన్న మూలసూత్రంపై ఇరుపక్షాలూ నిలబడ్డాయి.

రాజ్యాధికారం ఏమి చేసింది? సుల్తాన్ బైబర్స్ 13వ శతాబ్దంలోనే దీనిని నిషేధించాడు. సుమారు 1378లో అమీర్ సూదూన్ షైఖూనీ కైరోలోని పంటను పెరికించి, తిన్నవారి పళ్ళు ఊడబీకించాడు. అయినా 1412 నాటికి జనం సిగ్గు విడిచి బహిరంగంగానే తినసాగారని మఖ్రీజీ బాధపడ్డారు. భయంతో మానిన అలవాటు, భయం తొలగగానే తిరిగి వస్తుంది.

మన దేశంలో బ్రిటిషు ప్రభుత్వం 1893లో నియమించిన విచారణ సంఘం మరుసటి సంవత్సరం నివేదిక సమర్పిస్తూ పూర్తి నిషేధాన్ని సిఫారసు చేయలేదు, పన్ను విధానాన్నే సమర్థించింది. ఆనాడు యార్కంద్ చరస్ లేహ్ మీదుగా పంజాబుకు చేరేది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం చరస్, గంజాయి రెండింటినీ నిషేధించింది. జిగురు ఏ రూపంలో ఉన్నా, హషీష్ నూనెతో సహా, చరస్‌గానే పరిగణించింది. పూలగుత్తులు లేని ఆకును మాత్రం గంజాయి నిర్వచనం నుండి మినహాయించింది.

ఈ హషీష్ నూనె నేడు మనకు దూరపు వార్త కాదు. విశాఖ మన్యంలో తయారై హైదరాబాదు చేరుతున్న సరుకును పోలీసులు అనేకసార్లు పట్టుకున్నారు. మైనపు ముద్దలు, చిక్కని నూనెలు, మిఠాయిలు అంటూ పేర్లు పెరుగుతున్నాయి. పూర్వపు ఆకు ఉండలెక్కడ, మత్తుపదార్థం 60 శాతం దాటే ఈ సారాలెక్కడ! ‘ఇది మద్యం కాదు, మొక్కే కదా’ అని మన యువకులతో చెప్పేవారున్నారు. తన అనుయాయులలో కొందరు ఖమ్ర్‌కు వేరే పేరు పెట్టి త్రాగుతారని దైవప్రవక్త (స) ముందే హెచ్చరించారు. జర్కషీ నాటి చర్చ మనకు నేర్పేది ఇదే: పేరును కాదు, రూపాన్ని కాదు, బుద్ధిపై దాని ప్రభావాన్ని చూడాలి. స్వల్ప పరిమాణం గురించి ఖరాఫీ ఇచ్చిన వెసులుబాటును సాకుగా చూపేవారు, ఆయన తన ముందున్న ఆకును గురించి మాట్లాడారని, ఈనాటి సారాన్ని చూడలేదని గుర్తుంచుకోవాలి. ఈ మాటను శిక్షల భయంతో కాక, తెలివిడితో బిడ్డలకు చెప్పవలసిన బాధ్యత తల్లిదండ్రులపై, మస్జిద్ ఇమాములపై, విద్యావంతులపై ఉంది.