రాబిన్, నల్లంచి: ఒక పిట్టపేరు చరిత్ర

సికింద్రాబాద్ పెరళ్లలోనూ కంటోన్మెంటు పాత బంగళాల తోటల్లోనూ కనిపించే రెండు పాటల పిట్టలను ఇంగ్లీషులో రాబిన్లు అంటారు. తోక నిక్కించి నేలమీద గెంతుతూ పురుగులు ఏరుకునే చిన్నది ఇండియన్ రాబిన్, తెలుగులో నల్లంచి. వేసవి తెల్లవారుజామున చెట్టుకొన మీద కూర్చుని రాగాలు తీసే నలుపు తెలుపుల పిట్ట మాగ్‌పై రాబిన్, తెలుగులో పెద్ద నల్లంచి. బంగ్లాదేశ్ జాతీయ పక్షి ఈ రెండోదే. ఇంగ్లండు రాబిన్‌ను చూసినవారు వీటిని చూస్తే, ఆ పేరు వీటికెలా వచ్చిందని అడగకుండా ఉండలేరు. ఆ పేరు రంగును బట్టి రాలేదు, జాతిని బట్టి రాలేదు. మనిషి ఇంటి చుట్టూ మసిలే తీరును బట్టి వచ్చిందన్నదే సాక్ష్యాలకు సరిపోయే మాట.

ఇంగ్లండులో ఆ పిట్ట మొదటి పేరు రెడ్‌బ్రెస్ట్, అంటే ఎర్రరొమ్ముది. నిజానికి రొమ్ము నారింజ రంగు. ఆ రంగుకు అప్పటికి ఇంగ్లీషులో వేరే పేరు లేదు. పదిహేనో శతాబ్దంలో తెలిసిన పిట్టలకు మనుషుల పేర్లు పెట్టుకునే అలవాటు పెరిగి, రాబర్ట్‌కు ముద్దుపేరైన రాబిన్ దాని ముందు చేరింది. తరవాత రెడ్‌బ్రెస్ట్ జారిపోయి రాబిన్ మిగిలింది. ఇంగ్లీషువాళ్లు వలస వెళ్లిన చోటికల్లా ఆ పేరును తీసుకుపోయారు. అమెరికాలో రాబిన్ అన్నది వేరే కుటుంబానికి చెందిన పెద్ద పిట్ట. రొమ్ము ఎర్రగా ఉండడమే దానికా పేరు తెచ్చింది. ఇక్కడ ఆ ఆధారమూ లేదు. మగ నల్లంచి ఒళ్లు చాలావరకు నిగనిగలాడే నలుపు, భుజాన తెల్లని మచ్చ. 1806లో కంటోన్మెంటు ఏర్పడ్డాక తిరుమలగిరి, బొల్లారం వైపు బండరాళ్ల నేలమీద విశాలమైన కాంపౌండ్లతో బంగళాలు వెలిశాయి. రాళ్లూ గోడలూ పొదలూ నల్లంచికి ఇష్టమైన చోట్లు. గోడ కంతలోనైనా గూడు కట్టుకుంటుంది. స్వదేశంలో తోటమాలి పార వెంట తిరిగే పిట్టను ఎరిగినవాళ్లకు, ఇలాంటి కాంపౌండ్లలో గడపదాకా వచ్చే పిట్ట రాబిన్‌లా తోచడంలో వింత లేదు. పేరు సికింద్రాబాద్‌లోనే పుట్టిందని కాదు. దేశమంతటా ఇలాంటి ఆవరణల్లోనే అది నిలదొక్కుకుంది.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. నల్లంచి తోక కింద ఇటుకరంగు మచ్చ ఉంది కదా, పేరు దాన్ని బట్టే వచ్చి ఉండవచ్చు అన్నది ఒకటి. అదే కారణమైతే ఒంటిమీద ఎరుపు చుక్కైనా లేని పెద్ద నల్లంచిని రాబిన్ అనకూడదు. ఇంగ్లండు రాబిన్, మన పిట్టలు ఒకే కుటుంబంలోవని నేటి శాస్త్రం చెబుతోంది కదా అన్నది రెండోది. నిజమే, మూడూ మస్కికాపిడే కుటుంబంలోవే. కానీ అందులోనూ శాఖలు వేరు. పైగా పేరు పెట్టిననాటికి ఆ లెక్క ఎవరికీ తెలియదు.

దక్కనులో ఈ ఇంగ్లీషు పేరు మరో చిక్కు తెచ్చింది. ఉత్తరాది నల్లంచి వీపు గోధుమరంగు, దక్షిణాదిది నలుపు. అందుకే పందొమ్మిదో శతాబ్దపు పుస్తకాలు వాటిని రెండు జాతులుగా ఎంచి, బ్రౌన్‌బ్యాక్డ్, బ్లాక్‌బ్యాక్డ్ అని రెండు రాబిన్లను రాశాయి. రెండింటి నడిమి రంగు పిట్టలు దక్కనులో ఉన్నాయి. 1932లో పక్షిశాస్త్రవేత్తలు విస్లర్, కినియర్ వాటికి ఇంటర్మీడియస్ అని ఉపజాతి పేరే పెట్టారు. రెండు జాతుల లెక్క నిలవలేదు. ఇండియన్ రాబిన్ ఒక్కటే మిగిలింది.

తెలుగు పేర్లు ఇంతకంటే గట్టివి. 1836లో మద్రాసుకు వచ్చి, తరవాత నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి. సి. జెర్డన్ తన బర్డ్స్ ఆఫ్ ఇండియా (1862-64)లో స్థానిక పేర్లనూ ఎక్కించాడు. చిన్నది నల్లంచి, మాగ్‌పై రాబిన్ పెద్ద నల్లంచి, అడవిలో ఉండే షామా పొద నల్లంచి లేదా తోక నల్లంచి. ఆనాటి శాస్త్రం ఈ మూడింటినీ మూడు వేర్వేరు ప్రజాతుల్లో పెట్టింది. డీఎన్‌ఏ పరిశోధనల తరవాత, ఈ శతాబ్దంలో, ఇండియన్ రాబిన్ కూడా కాప్సికస్‌లో చేరడంతో మూడూ ఒక్క ప్రజాతి అయ్యాయి. ఇది కాకతాళీయం అనవచ్చు. పల్లెజనం నల్లపిట్టలన్నిటినీ ఒక గాటన కట్టి ఉంటారనవచ్చు. అలాగైతే ఏట్రింత, కాకి కూడా నల్లంచులు కావాలి, కాలేదు. పైగా పరిమాణం, ఉనికి, తోక పొడవు చెప్పి ఒకదాన్నుంచి ఒకటి విడదీశారంటే, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఒక్క తీరువని తేల్చుకున్నాకే పేర్లు పెట్టారన్నమాట. వేటగాళ్లు, పిట్టలు పట్టేవాళ్లు సంపాదించిన ఆ ఎరుకను తక్కువగా చూడడం అన్యాయం.

రాబిన్ అనే మాట తప్పేమీ కాదు, దేశాల మధ్య వాడుకకు అది కావాలి. కానీ తెలుగు పాఠ్యపుస్తకాలూ నిఘంటువులూ దాన్ని తెలుగు లిపిలోకి దించి ఊరుకోకూడదు. నల్లంచి, పెద్ద నల్లంచి, పొద నల్లంచి అన్న పేర్లను ముందు అచ్చువేసి, ఇంగ్లీషు పేరును వాటి పక్కన చేర్చాలి.