ఉచిత ఇంటర్నెట్: ఖర్చు ఎవరి పద్దులో?

ఉచిత ఇంటర్నెట్ మాట వస్తే మన మిత్రుల్లో రెండు రకాల వాళ్లు బయటపడతారు. "ఊరికే ఎవడూ ఏదీ ఇవ్వడండీ, ఏదో మోసం ఉంటుంది" అనేవాళ్లు మొదటి రకం. "ఆయన పుణ్యమా అని దేశమంతా నెట్ చూస్తోంది" అని ఒక కోటీశ్వరుణ్ణి తలుచుకుని దణ్ణం పెట్టేవాళ్లు రెండో రకం. రెండోది భక్తి, దాని సంగతి మనకు తెలిసిందే. మొదటిది హేతువాదంలా వినిపిస్తుంది కానీ అదీ ఒక సామెతే. సామెత నిదర్శనం కాదు. బాబాల విభూతిని పరీక్షించినట్టే దీన్నీ పరీక్షించాలి.

నేను బీకాం చదివి, ముప్పై ఏళ్లకు పైగా రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైన వాణ్ణి. మా దగ్గర ఏ కాగితం మీదైనా "ఉచితం" అని కనిపిస్తే ఫైలు అక్కడే ఆగేది. ఇచ్చినవాడు ఏ పద్దు కింద ఖర్చు రాశాడు, పుచ్చుకున్నవాడు ఏ పద్దులో జమ చూపాడు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వచ్చాకే సంతకం. ముప్పై ఏళ్ల ఇంటర్నెట్ చరిత్రనూ ఆ రెండు ప్రశ్నలతోనే చూద్దాం.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. ఇచ్చింది విదేశ్ సంచార్ నిగమ్, అంటే ప్రభుత్వ గుత్తాధిపత్యం. విద్యార్థులకు 500 రూపాయల ఖాతా ఉండేది. అందులో అక్షరాలు తప్ప బొమ్మలు రావు. బొమ్మలతో సహా చూడాలంటే ఖాతా 15 వేలు. అప్పటి నా నెల జీతం అందులో మూడో వంతు కూడా కాదు. ఉచితమా, డబ్బు కట్టాలా అన్న ప్రశ్నే అప్పుడు లేదు. ఉన్నది ఒకటే కొట్టు, వాడు చెప్పిందే ధర.

1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచారు. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ వారి పిల్ల కంపెనీ సత్యం ఇన్ఫోవే ముందుగా దిగినవాళ్లలో ఒకటి. అది మరుసటి ఏడాది నవంబరులో ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల సంస్థను 499 కోట్లకు కొంటున్నట్టు ప్రకటించింది. లాభనష్టాల పట్టీ చూసి కట్టిన ధర కాదది, చూసే కళ్లను లెక్కపెట్టి కట్టిన ధర. ఆ వేడిలోనే కలకత్తాలో క్యాల్‌టైగర్ పుట్టింది. చందా లేదు, ప్రకటనలు చూస్తే చాలు, ఇంటర్నెట్ ఉచితం అంది.

ఇక్కడ కాస్త ఆగి లెక్క వేద్దాం. అప్పుడు నెట్ అంటే ఇంటి టెలిఫోను తీగ మీద డయల్ చేసి మోడెం అరుపులు వినడం. లోకల్ కాల్ మూడు నిమిషాలకు ఒకటి చొప్పున పడేది. గంట సేపు నెట్ మీద ఉంటే 20 కాల్స్. పై స్లాబులో కాల్‌కు రూపాయి ఇరవై పైసలు, అంటే గంటకు 24 రూపాయలు. రోజుకు ఒక గంట చొప్పున నెలకు 720 రూపాయలు టెలిఫోను శాఖకు కట్టాలి. చందా మాఫీ చేసినవాడు ఖర్చులో చిన్న ముక్క మాఫీ చేశాడు, పెద్ద ముక్క ఫోను బిల్లులో కూర్చుంది. మా కాలనీలో ఒకాయన ఇంట్లో పిల్లలు ఇలాంటి ఉచిత ఖాతా ఒకటి తెచ్చుకుని వేసవి సెలవులు గడిపారు. ఫోను బిల్లు చూశాక ఆయన ఆ తీగ పీకి బీరువాలో పెట్టి తాళం వేశారు.

అయితే ఇదే పథకం ఇంగ్లండులో పనిచేసింది! డిక్సన్స్ అనే ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాల కంపెనీ 1998 సెప్టెంబరులో ఫ్రీసర్వ్ మొదలుపెట్టింది. చందా లేదు. కొద్ది నెలల్లోనే చందాదారులు పది లక్షలు దాటి అక్కడ మొదటి స్థానానికి వెళ్లిపోయింది. కారణం దయ కాదు. కాల్ ఏ టెలిఫోను కంపెనీ దగ్గరికి చేరుతుందో దానికి ఆ కాల్ చార్జీలో వాటా ఇవ్వాలన్న నిబంధన అక్కడ ఉంది. కాల్స్ అందుకునే కంపెనీ తన వాటాలోంచి కొంత ఫ్రీసర్వ్‌కు ఇచ్చేది. అంటే ఉచితం అన్నదాని వెనక ఖర్చు రాసిన పద్దు, జమ చూపిన పద్దు రెండూ ఉన్నాయి, కళ్లకు కనిపిస్తాయి. మన దగ్గర ఆ వాటా లేదు. కాల్ డబ్బంతా టెలిఫోను శాఖదే. ఇక ప్రకటనలే దిక్కు, అవి చాలలేదు. క్యాల్‌టైగర్ ఉచితం ఎక్కువ కాలం నిలవలేదు.

అమెరికాలో కూడా ప్రకటనల మీదే బతుకుదామనుకున్న నెట్‌జీరో 1998 అక్టోబరులో అపరిమిత ఉచితంతో మొదలైంది. 2001లో నెలకు 40 గంటలన్నది, తరవాత 10 గంటలన్నది, ఆ ఏడాదే తన పోటీదారు జూనోతో కలిసిపోయింది. వీళ్లు జనాన్ని మోసం చేశారందామా? వాడుకున్నవాళ్లు నిజంగానే ఉచితంగా వాడుకున్నారు. మునిగింది షేర్లు కొన్నవాళ్ల డబ్బు. "ఊరికే ఎవడూ ఇవ్వడు" అనే మిత్రులు ఈ సంగతి గమనించాలి. ఇచ్చారు, కాకపోతే వేరేవాళ్ల డబ్బు ఇచ్చారు.

తరవాతి ఘట్టం మన రాష్ట్రాలకు నేరుగా సంబంధించింది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ తెచ్చాయి. మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి, భాషల్లో తెలుగూ ఉంది. డేటా చార్జీ లేకుండా మూడు డజన్ల పైచిలుకు సైట్లు చూడొచ్చు. మిగతా ప్రపంచం చూడాలంటే డబ్బు. సెప్టెంబరులో పేరు ఫ్రీ బేసిక్స్‌గా మార్చారు.

దీన్ని సమర్థించినవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఏమీ లేనివాడికి కొంత దొరకడం మేలు కదా అన్నారు. కానీ ఆ కొంత ఏదో ఎంచేది ఎవరు? మనలాంటివాళ్లం రాసే పేజీ ఆ జాబితాలో ఉంటుందా? జ్యోతిషం సైటు ఉచితంగా వస్తూ, దాన్ని తప్పని చూపే సైటుకు డబ్బు కట్టాల్సి వస్తే పేదవాడు ఏది చదువుతాడు? నా అభ్యంతరం అక్కడే.

2015 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు అడిగింది. ఫేస్‌బుక్ తన వాడకందార్ల చేత ముందే రాసిపెట్టిన ఉత్తరాలు లక్షల్లో పంపించింది. ట్రాయ్ మాత్రం తానడిగిన ప్రశ్నలకు వాటిలో జవాబులు లేవంది. లక్షల మంది సంతకం పెట్టినంత మాత్రాన ఒక వాదం నిజమైపోదని మనం ఎన్నిసార్లు చెప్పలేదు! 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ సైటును బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడాన్ని నిషేధించింది. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేలు, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా.

మధ్యలో ఇంకో ఉచితం నడిచింది. 2016లో గూగుల్, రైల్‌టెల్ కలిసి రైల్వే స్టేషన్లలో వైఫై పెట్టాయి. కాచిగూడ, విజయవాడ, విశాఖ తొలి విడతల్లోనే ఉన్నాయి. మొబైల్ డేటా చవకైంది, ఇక మా అవసరం అంతగా లేదంటూ 2020లో గూగుల్ తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. డబ్బు కట్టే సర్వీసు చవకై ఉచితాన్ని వెళ్లగొట్టిన అరుదైన సందర్భం ఇది.

ఆ చవక ఎలా వచ్చింది? 2016 సెప్టెంబరు 5న జియో దిగింది. డిసెంబరు 31 దాకా అంతా ఉచితం, తరవాత కొత్త సంవత్సరం పేరుతో 2017 మార్చి 31 దాకా. 170 రోజుల్లో పది కోట్ల మంది చేరారని ప్రకటించారు. అప్పటిదాకా ఒక జీబీ సుమారు 250 రూపాయలు. మిగతా కంపెనీలు లబలబలాడాయి. ఖర్చు కంటే తక్కువకు అమ్మి మమ్మల్ని చంపుతున్నారంటూ ఎయిర్‌టెల్ కాంపిటీషన్ కమిషన్‌కు వెళ్లింది. 2017 జూన్‌లో కమిషన్ ఫిర్యాదు కొట్టేసింది. చట్టం ప్రకారం ఆ నేరం మార్కెట్లో ఆధిపత్యం ఉన్నవాడే చేయగలడు, కొత్తగా వచ్చినవాడికి ఆధిపత్యం ఎక్కడిది అంది. అక్షరం ప్రకారం సరే. కానీ ఉత్త చేతులతో వచ్చిన కొత్తవాడికీ, వెనక చమురు శుద్ధి కర్మాగారాలున్న కొత్తవాడికీ తేడా లేదా? ఆ చూపుకు ఆ తేడా ఆనలేదు.

ఆ తరవాత ఎయిర్‌సెల్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ దివాలా ప్రక్రియలోకి వెళ్లాయి. టాటావాళ్లు తమ మొబైల్ వ్యాపారాన్ని ఎయిర్‌టెల్‌కు అప్పగించారు. వొడాఫోన్, ఐడియా 2018లో ఒక్కటయ్యాయి. డజను దాకా ఉన్న చోట ముగ్గురు ప్రైవేటువాళ్లూ, బీఎస్‌ఎన్‌ఎల్ లాంటి ప్రభుత్వ సంస్థా మిగిలారు. దివాలా తీసిన కంపెనీల అప్పుల్లో బ్యాంకుల డబ్బుంది. అంటే ఆ ఉచితంలో కొంత భాగం మన డిపాజిట్ల పద్దులోంచే పోయిందని నా లెక్క.

ఇక సగటు గారడీ చూడండి. 2024 జులై పెంపుతో జియోలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాను 239 నుంచి 299 అయింది. 28 రోజులకు 42 జీబీ, అంటే జీబీ ఏడు రూపాయల చిల్లర. 250తో పోలిస్తే అద్భుతమే, ఆ మేలును కాదనేవాడు హేతువాది కాడు. కానీ నెలకు ఒక జీబీ కూడా వాడనివాడూ ఆ 299 కడితేనే ఆ ఏడు రూపాయల ధర. జీబీ ధర పడిపోయింది, గుమ్మం ఎత్తు పెరిగింది. అన్నట్టు ఈ 28 రోజుల నెల ఏ పంచాంగంలోనూ లేదు. దాంతో ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జీలు. కనీసం ఒక్క ప్లానైనా 30 రోజులది ఉండాలని 2022లో ట్రాయ్ ఆదేశించాల్సి వచ్చింది.

గుమ్మం అన్నాను కదా, దాని కథే అన్నిటికన్నా ముఖ్యం. ఒకప్పుడు పది రూపాయల టాపప్ వేసుకుంటే నెలల తరబడి ఇన్‌కమింగ్ వచ్చేది. గల్ఫ్ వెళ్లిన కొడుకు ఫోను కోసం ఎదురుచూసే కరీంనగర్, కోనసీమ తల్లులకు అది చాలు. 2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా నెలకు కనీసం 35 రూపాయలన్నాయి. 2024 జులై నాటికి ఎయిర్‌టెల్‌లో ఆ కనీసం 199 అయింది. అందులో డేటా కూడా కలిపే ఉంటుంది, బొత్తాల ఫోనులో అది ఏం చేసుకోవాలి?

డేటా లేకుండా మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే ప్లాన్లు పెట్టి తీరాలని 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన తెచ్చింది. మరుసటి నెలలో వచ్చాయి. ఎయిర్‌టెల్‌లో 365 రోజులకు 1,849 రూపాయలు. మా అక్కది బొత్తాల ఫోనే. 199 చొప్పున పదమూడు సార్లు కడితే 2,587, ఒకేసారి కడితే 738 మిగులుతుందని కాగితం మీద వేసి చూపిస్తే మా మేనల్లుడు అప్పటికప్పుడు కట్టేశాడు. వాళ్లింట్లో పనిచేసే ఆవిడదీ అలాంటి ఫోనే, అదే కంపెనీ సిమ్ము. అదే కాగితం ఆవిడకూ చూపించాను. "అంత ఒక్కసారి ఎక్కడ తెచ్చేది సారూ" అంది. ఆవిడ నెలనెలా 199 కడుతూనే ఉంది.